ఆర్ద్రా నక్షత్రము - ధూళి

భగవద్రామానుజులు 1017వ సంవత్సరమున చైత్రమాసమందు ఆర్ద్రా నక్షత్రమున అవతరించిరని మనమెల్లరము ఎరిగినదే. ఆర్ద్రగా సాధారణముగా గుర్తింపబడు ఎఱ్ఱని చుక్క 2019 చివర మసకబారెను. 2020 ఫిబ్రవరి నాటికి దాని వెలుగు సుమారు మూడవ వంతుకు దిగినది. తెల్లాపూరులో ఒక శ్రీవైష్ణవ గృహమున ఈ ప్రసంగము వచ్చినపుడు ఆ యింటి కోడలు, "స్వామీ, ఆచార్యుల తిరునక్షత్రము మరణించుచున్నదట. ఇది అమంగళము కాదా?" అని అడిగినది. ఆమె భయము ఉపేక్షింపదగినది కాదు.

ఆ తార వృద్ధదశలో నున్న మాట నిజమే. అంతిమ విస్ఫోటమునకు ఇంకను లక్ష సంవత్సరములు పట్టవచ్చునని అంచనా. అప్పటి మసకకు కారణము వేరు. తార వెలిగ్రక్కిన వాయువు చల్లబడి ధూళిమేఘమై మన చూపునకు అడ్డుపడినదని 2021లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

అంత దూరమున నున్నది ఏ ధూళియో ఎట్లు తెలియును? ఊర్ధ్వపుండ్రపు తీరు చూచి తెంగలయో వడగలయో గుర్తింతుము గదా! అట్లే ప్రతి ఖనిజమునకు పరారుణ కాంతిలో తన గుర్తు కలదు. సిలికేటు రేణువులు సుమారు 10 మైక్రానుల తరంగదైర్ఘ్యమువద్ద బయటపడును. కర్బనము హెచ్చుగా గల తారల చుట్టు పుట్టు సిలికాన్ కార్బైడు 11 మైక్రానులు దాటిన పిదప తెలియును. పరారుణ కిరణములలో పెక్కింటిని వాయుమండలము మ్రింగివేయును. అందుచేత టాటా మౌలిక పరిశోధన సంస్థవారు హైదరాబాదునుండి 100 సెంటీమీటర్ల దర్పణముగల దూరదర్శినిని బెలూనుతో పైకి పంపి, తారల నడిమి ధూళిని పరిశీలించిరి. చేతికి చిక్కిన రేణువులును కలవు. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ వద్ద పడిన ఉల్కలో సూర్యునికంటె ముందు పుట్టినవి దొరికినవి. సూర్యుని వయస్సు 460 కోట్ల ఏండ్లు. వీనిలో కొన్నింటిది 700 కోట్ల ఏండ్లని 2020లో లెక్కకట్టిరి.

ఇదంతయు మన గ్రంథములలో ముందే యున్నదని చెప్పుట నాకు రుచింపదు. కాని ఆ కోడలి ప్రశ్నకు సమాధానము మాత్రము శ్రీభాష్యకారుల సిద్ధాంతమున కలదు. మట్టిముద్ద కుండయగును, కుండ పెంకులగును, పెంకులు పొడియగును. ద్రవ్యము నశింపదు; అవస్థ మారును. నాశమనునది అవస్థాంతరప్రాప్తియే. చేతనాచేతనములు రెండును భగవంతుని శరీరమైనపుడు, తారగా వెలిగినదియు ఆయన శరీరమే, ధూళియైనదియు ఆయన శరీరమే. అచిత్తు మిథ్య కాదు. తెల్లాపూరు చుట్టు మేడలకొరకు పగులగొట్టుచున్న గుట్టల రాయియు సిలికేటు జాతిదే. ధూళి అమంగళమే యైనచో, ఒక ఆళ్వారు భక్తుల పాదధూళి యను అర్థముగల తొండరడిప్పొడి నామమును కోరి ధరింతురా?

తిరునక్షత్రమునాటి సాయంకాలము శుక్లపక్షపు చంద్రుడు పడమట ఆర్ద్రకు చేరువగా నుండును. చంద్రునికి దిగువను, ఎడమ ప్రక్కను ఎఱ్ఱగా కనబడునదే ఆ చుక్క. మేడపైకెక్కి పిల్లలకు చూపుడు. వీధిదీపముల వెలుగు నడుమ కూడ అది కనబడును.