ఉమ్మడి ఊహ, విడి దృశ్యం

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ప్రచారంలోకి వచ్చిన రోల్‌ప్లేయింగ్ ఆటలలో, బల్ల చుట్టూ కూర్చున్నవారు తలా ఒక పాత్ర వహించగా, డంజన్ మాస్టర్ అనే నిర్వాహకుడు లోకాన్ని మాటలతో వర్ణిస్తూ వారి చర్యల ఫలితాన్ని పాచికల సాయంతో తేలుస్తాడు. ఆ లోకాన్ని బల్ల మీదనే చూపగల సాధనాలు ఇప్పుడు వచ్చాయి. జెరీ ఎల్స్‌వర్త్ బృందం తయారుచేసిన టిల్ట్ ఫైవ్ కళ్లద్దాలలోని చిన్న ప్రొజెక్టర్లు, కాంతిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపే ఒక పలక మీద బొమ్మను వేస్తాయి. ఎవరి కాంతి వారి కంటికే తిరిగి చేరుతుంది కనుక, దొంగ పాత్రధారికి కనబడే ఉచ్చును పక్కవాడికి కనబడకుండా ఉంచడం కూడా సాధ్యమవుతుంది. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడల నుంచి పుట్టిన ఆటకు కంటికి కనిపించే సామగ్రి కొత్తదేమీ కాదు. అసలు ప్రశ్న, పలువురు కలిసి ఊహించిన లోకం దేనివల్ల ఉమ్మడిది అవుతుందన్నది.

ఊహకూ ప్రత్యక్షానికీ గల భేదాన్ని 1940 నాటి గ్రంథంలో చర్చించిన ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్, పారిస్‌లోని పాంథియోన్ భవనాన్ని మనసులో ఎంత స్పష్టంగా నిలుపుకున్నవాడైనా దాని స్తంభాలను లెక్కపెట్టలేడన్న ఉదాహరణను ప్రస్తావించాడు. ఊహించినవాడు పెట్టినదానికి మించి ఊహలో మరేమీ దొరకదని దాని భావం. ఈ ఆట మాత్రం ఆ విభజనకు లొంగదు. గుడిలో స్తంభాలెన్నని ఆటగాడు అడిగేదాకా వాటికి లెక్క లేదు, నిర్వాహకుడు ఏడని చెప్పిన క్షణం నుంచి అది అందరికీ యథార్థం. ఎవరి మనసులోని గుడీ మరొకరి గుడిని పోలకపోయినా ఆ ఏడు స్తంభాల విషయంలో వివాదం రాదు. కళ్లద్దాలు పెట్టుకున్నవాడు అడగకుండానే లెక్కపెట్టుకుంటాడు. పోయేది ఊహాశక్తి అనే ఫిర్యాదు తరచు వినబడేదే గానీ, నిజానికి పోయేది ఆ అడగడం.

బాహ్యవస్తువు లేదని, ఉన్నది జ్ఞానం దాల్చే ఆకారమేనని చెప్పే బౌద్ధ విజ్ఞానవాదానికీ, లోకం దేనివల్ల ఉమ్మడిది అవుతుందన్న ప్రశ్నే ఎదురైంది. వస్తువే లేకపోతే పలువురికి ఒకటే ఎలా కనబడుతుందన్న ఆక్షేపణకు ఆ వాదపు ఆచార్యుడు వసుబంధుడు ‘వింశతిక’లో ప్రేతలను ఉదాహరించాడు: సమానమైన కర్మ పరిపాకానికి వచ్చినందువల్ల వారందరికీ నది చీముతో నిండినట్లే కనబడుతుంది. ఏమీ లేని పలక మీద అందరూ ఒకే కోటను చూడడం ఈ వాదానికి దృష్టాంతమని తొలిచూపులో తోచినా, పోలిక అక్కడే తెగిపోతుంది. ప్రేతల కర్మ వారు చేసుకున్నది, పలక మీది కోట ఆటగాళ్లు చేసినది కాదు. తమ మాటల ఫలంగా ఏర్పడిన లోకంలో తామే చిక్కుకునే పాత ఆటే వసుబంధునికి దగ్గర. ఆటగాడి ప్రశ్నకు తగినట్లు అప్పటికప్పుడు మారే చిత్రం వస్తే ఈ అభ్యంతరం కొంత సడలుతుంది. అయితే గోడ నిండుగా కళ్లెదుట నిలిచినవాడికి, అందులో కిటికీ ఉందా అని అడగాలన్న ఆలోచన తడుతుందా అన్నది అప్పటికీ తేలని విషయమే.