తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?



బి.కాం. ఆఖరి పరీక్షలు వ్రాసి ఇంట్లో ఉన్న యౌవనస్థుణ్ణి వేసవికాలంలో పెద్దలు అడిగే ప్రశ్నలు రెండే. ఆదివారం ఆరాధన ముగిసి గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కొంటుండగానే మొదటిది వస్తుంది. "ఏం చేస్తా ఉండావు నాయనా?" పని వెతుకుతున్నానని చెప్పగానే రెండోది. "తెలిసినవాళ్లు ఎవరైనా ఉండారా?" మొదటి ప్రశ్నకు కాస్త సిగ్గుపడి ఊరుకోవచ్చు. రెండో ప్రశ్న మాత్రం ఇంటిదాకా వెంట వస్తుంది.

మాది కె.జి.ఎఫ్. బెంగళూరులో పని వెతకాలంటే తెల్లవారకముందే లేచి మారికుప్పంలో బయలుదేరే రైలు పట్టుకోవాలి. బంగారుపేట, మాలూరు, వైట్‌ఫీల్డు దాటి ఊరు చేరేసరికి రెండు గంటలు పైగానే అవుతుంది. రోజూ పనికి పోయి వచ్చేవాళ్లు ఆ రైళ్లలో వేలమంది. సీజను టిక్కెట్టువాళ్లకూ, ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లు పెట్టుకొన్న మావంటివాళ్లకూ తేడా చూడగానే తెలుస్తుంది. వాళ్లు నిద్రపోతారు, మాకు నిద్ర రాదు. ఎక్కడికీ పోనక్కరలేని రోజున ఇంట్లో ఉంటే, సైనైడు దిబ్బల మీదనుంచి మే నెల గాలికి లేచిన దుమ్ము కిటికీ నిండా పేరుకొంటుంది. దాన్ని తుడుస్తూ అమ్మ అంటుంది, "పోయి మీ చిన్నాయనను ఒక మాట చెప్పమని అడగరాదా?" చిన్నాయన బెంగళూరులో ఒక కంపెనీ స్టోర్సులో చాలా ఏళ్లుగా ఉన్నాడు. ఆయన నోరు తెరిస్తే నాకు పని దొరుకుతుందని మా ఇంట్లో అందరి నమ్మకం.

ఆ 'ఒక మాట' ఏమిటన్నదే నా సందేహం. చిన్నాయన నాతో "ఫలానా చోట గుమాస్తా పని ఖాళీగా ఉంది, శుక్రవారంలోగా అర్జీ పెట్టుకో" అంటే అది ఒక మాటే. వాళ్ల మేనేజరుతో "ఈ పిల్లవాణ్ణి చిన్నప్పటినుంచీ ఎరుగుదును, లెక్క తప్పడు, వేళకు వస్తాడు" అంటే అదీ ఒక మాటే. "సార్, మావాడు. ఎలాగైనా వేయించండి" అన్నా ఒక మాటే. మొదటిది వార్త. రెండోది సాక్ష్యం. మూడోదానికి మంచి పేరు నాకు దొరకలేదు. ఈ మూడింటినీ మనం 'రెకమెండేషన్' అనే ఒక్క మూటలో కట్టేశాము. అందుకే దాన్ని తిట్టేవారు మూడింటినీ తిడతారు, అడిగేవారు మూడింటినీ అడుగుతారు.

వలస వచ్చినవారి సంఘాలలో ఈ సంగతి తేలిగ్గా తీసిపారేయలేము. మనం ఈ ఊళ్లకు వచ్చిందే తెలిసినవాళ్ల చేయి పట్టుకొని. జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీవారు 1880లో ఇక్కడ గనుల పని చేపట్టిన తరువాత చిత్తూరు వైపునుంచీ, ఉత్తర ఆర్కాటునుంచీ మనుషులు వచ్చారు. ముందు వచ్చినవాడు ఊరికి కబురు పెడితే బావమరిది వచ్చాడు, బావమరిది వెనుక అతని తమ్ముడు వచ్చాడు. చదువు లేనివాడికి, ఊరు తెలియనివాడికి, భాష రానివాడికి ఇంకే దారి ఉంది? ఆ చేయి లేకపోతే ఈ రోజు కె.జి.ఎఫ్.లో తెలుగు వినబడదు.

అదే చేయి ఎంత దూరం పోగలదో బొంబాయి బట్టల మిల్లుల్లో చూడవచ్చు. అక్కడ కూలీని పనిలో పెట్టేది జాబరు. తన ఊరివాళ్లను, తన కులంవాళ్లను తెచ్చుకొనేవాడు. పని ఇప్పించినందుకు దస్తూరీ తీసుకొనేవాడు. ఖాయం పని లేని బద్లీలు పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే ఎవరు లోపలికి పోవాలో అతనే వేలు చూపేవాడు. ఈ పెత్తనాన్ని తగ్గించడానికే 1935లో బద్లీలకు కార్డులిచ్చి, ఖాళీలు వాళ్లలోనుంచే నింపాలనే పద్ధతి తెచ్చారు. చుట్టరికంతో మొదలైన సాయం గేటు దగ్గర సుంకంగా ఎలా మారింది? నాకు తోచిన సమాధానం ఇది. వార్తా, సాక్ష్యమూ, తలుపు తాళమూ ఒక్కడి చేతిలోనే ఉన్నాయి. పైగా జాబరు పెట్టిన కూలీ జాబరు మీద ఫిర్యాదు చేయలేడు. పనితోపాటు నోటికి తాళం కూడా పడినట్టే.

ఇంకో సంగతి. 2001 ఫిబ్రవరి 28న ఇక్కడి భారత్ గోల్డ్ మైన్స్ మూతపడినప్పుడు తెలిసినవాళ్లందరి పనీ ఒకేరోజు పోయింది. ఎవరికోసం ఎవరు మాట చెప్పగలరు? చెప్పవలసినవాడూ చెప్పించుకోవలసినవాడూ ఒకే వీధిలో కూర్చుని ఉన్నారు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సమాజ శాస్త్రజ్ఞుడు బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారినవారిని విచారించి 1974లో ఒక పుస్తకం ప్రచురించాడు. సగానికి పైగా తెలిసినవాళ్ల ద్వారానే పని సంపాదించుకొన్నారట. అయితే వారిలో ఎక్కువమందికి పని సంగతి చెప్పినవాళ్లు దగ్గరివాళ్లు కారు, ఎప్పుడో ఒకప్పుడు కనబడే ముఖపరిచయస్థులు. ఆలోచిస్తే న్యాయంగానే ఉంది. మనకు దగ్గరివాళ్లకు తెలిసింది మనకు ముందే తెలిసి ఉంటుంది. మన సంఘాలలో ఒకరినొకరు ఎరగనివారు లేరు. అందుచేత ఒకే వార్త పదిసార్లు తిరిగి మన దగ్గరికే వస్తుంది.

ఇక మూడో రకం మాట. గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవి విషయమై గాజుల దశరథరామారావు అనే ఆయన సుప్రీంకోర్టు దాకా పోయాడు. ఆ పదవులు వెనుకటి మునసబు వంశంవారికే ఇవ్వాలని పాత మద్రాసు చట్టం చెబుతుండేది. వంశం చూసి సర్కారు ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960లో కోర్టు తీర్పు చెప్పింది. తండ్రి కొడుకు మేలు కోరకూడదని దాని అర్థం కాదు. తనది కాని పదవిని తన ఇంటి ఆస్తిలాగా పంచకూడదని మాత్రమే. మళ్లీ 1996లో, అదీ కృష్ణా జిల్లానుంచి వచ్చిన కేసులోనే, ఖాళీలను ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజికి తెలిపితే చాలదు, పత్రికలలో కూడా ప్రకటించాలని అదే కోర్టు అన్నది. ఎవరూ తెలియనివాడికి కూడా వార్త వినే హక్కు ఉందన్నమాట. ఈ రెండో తీర్పును గురించి మనవాళ్లు అంతగా చెప్పుకోరు. నాకైతే అదే పెద్దదిగా కనబడుతుంది.

ఏప్రిల్ నెలలో బెంగళూరులో ఒక ఆఫీసు ముందు దాదాపు రెండు వందలమందిమి వరుసలో ఉన్నాము. నా పక్కన ఉన్న అమ్మాయి రాయచూరు వైపునుంచి రాత్రి బస్సులో వచ్చింది. నా ఫోటో ఫారానికి అంటించడానికి తన గమ్ము సీసా ఇచ్చింది. ఫారంలో 'ఎవరి ద్వారా వచ్చారు' అని ఒక గడి ఉన్నది. ఆమె అందులో ఒక గీత గీసి నావైపు చూసి, "నీకెవరైనా ఉన్నారా అన్నా?" అని అడిగింది. మనం పెద్దలను కోరే ఏ మాటనైనా తూచడానికి నాకు ఆ గడి కన్నా మంచి తక్కెడ కనబడలేదు. ఆమె వింటుండగా ఆ మాట పలకగలమా? "ఇక్కడ పని ఉంది, పది గంటలకు రా" అనేది ఆమె ముందు చెప్పవచ్చు. చెబితే ఆమెకూ ఉపయోగమే. "ఇతను మా సంఘంలో రెండేళ్లు చందా లెక్కలు వ్రాశాడు, పైసా తేడా రాలేదు" అనేదీ చెప్పవచ్చు. ఆమెను గురించి ఆమె టీచరు కూడా అలాంటి మాటే చెప్పగలదు. "మావాడు, ఎలాగైనా వేయించండి" అనేది ఆమె ముందు ఎవరూ చెప్పరు. గొంతు తగ్గించి, పక్కగదిలో, లేక రాత్రి ఫోనులో చెబుతారు. ఆ గొంతు తగ్గడమే దాని సంగతి చెబుతున్నది.

దీనికి పెద్దలు చెప్పే జవాబు నాకు తెలుసు. "అందరూ చేస్తా ఉండారు. మనం ఒక్కరమే నీతి పట్టుకొని కూర్చుంటే మన పిల్లలు వెనకబడతారు." దీనిలో సగం నిజముంది. ఇంటిపేరు చూసి, అడ్రసులో ఉన్న లైను పేరు చూసి, పలికే ఇంగ్లీషు చూసి ఫారం పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. అలాంటి చోట మనల్ని ఎరిగినవాడు వచ్చి ఉన్న సంగతి చెబితే అది అన్యాయం కాదు, వంకరగా ఉన్న త్రాసును సరిచేయడమే. గట్టిగా చెప్పమని నేనూ అడుగుతాను. కాని అది కూడా రెండో రకం మాటే, మూడోది కాదు. మిగతా సగం ఏమంటే, అందరూ గొంతు తగ్గించి మాట్లాడే ఊళ్లో ముందు ఓడిపోయేది కొద్దిమంది పెద్దలున్న మనవంటివాళ్లే. ఆ పందెంలో మనకన్నా పెద్ద పెద్ద చిన్నాయనలు ఉన్నారు.

ఈ రోజుల్లో పెద్ద కంపెనీలలో 'రెఫరల్' అనే పద్ధతి ఉన్నది. అక్కడ పనిచేసేవాడు ఎవరి పేరైనా పంపి, ఆ మనిషి చేరితే కొన్ని కంపెనీలు అతనికి సొమ్ము కూడా ఇస్తాయి. ఖాళీల వార్త పదిమందికి పంపితే మంచిదే. అయితే ముఖం కూడా చూడని మనిషిని 'బాగా ఎరుగుదును' అని వ్రాసి పంపేవాళ్లను నేను చూశాను. పది ఆజ్ఞలు కంఠతా వచ్చిన మనకు అబద్ధ సాక్ష్యం అంటే కోర్టు బోను ఒక్కటే గుర్తుకు వస్తుంది. ఉద్యోగపు ఫారంలోనూ అది జరుగుతుంది. పాత జాబరు దస్తూరీకి దీనికి తేడా ఎంతో, లెక్కల విద్యార్థినైనా నేను చెప్పలేను.

అలాగని, ఎవరినీ ఏమీ అడగనని భీష్మించుకోవడం కూడా నీతి అనిపించుకోదు. కొందరికి అది గర్వమే. అడిగించుకొన్న పెద్దకు కూడా కొంత కష్టముంది. ఆయన సాక్ష్యం మీద చేరిన పిల్లవాడు మూడో నెలలో చెప్పకుండా మానేస్తే, ఆయన మాట అక్కడ మళ్లీ చెల్లదు. తరువాత పోవలసిన పిల్లకు ఆ తలుపు మూసుకొంటుంది. కాబట్టి చేరినవాడు తీర్చవలసిన అప్పు చిన్నాయనకు మాత్రమే కాదు.

పోయిన వారం చిన్నాయన ఇంటికి పోయాను. కంపెనీలో ఏయే పనులకు మనుషులు కావాలో, స్టోర్సు లెక్కలకు కంప్యూటరులో ఏది నేర్చుకోవాలో చెప్పమన్నాను. రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పాడు. చివర, "మేనేజరుతో మాట్లాడనా?" అన్నాడు. "నాగురించి నీకు తెలిసింది చెప్పు చిన్నాయనా, తెలియనిది చెప్పొద్దు" అన్నాను. ఆయన నవ్వి, "నీగురించి నాకు తెలిసింది చెబితే నీకు పని రాదురా" అన్నాడు. పిన్నమ్మ కూడా నవ్వింది. ఇంకా ఏ కబురూ రాలేదు.

ఒక చిక్కు మాత్రం నాకు తెగలేదు. మునసబు పదవి ప్రజలది, సరే. మన సంఘస్థుడొకరు స్వంత డబ్బుతో మందుల షాపు పెట్టుకొన్నాడు. కౌంటరులో ఒక మనిషి కావాలి. తన సంఘపు పిల్లవాణ్ణి పెట్టుకోవాలా, బోర్డు వ్రాసి తలుపుకు తగిలించాలా? షాపు అతనిదే, సొమ్మూ అతనిదే. వీధి చివర పని లేక కూర్చున్న తమిళ పిల్లవాడు మాత్రం అతనికి ఏమీ కాడు, అయినా రోజూ కనబడుతుంటాడు. హుబ్లీ, షోలాపూరు, బరంపురం, యానాం సంఘాలలో షాపులు నడుపుతున్న పెద్దలు ఏమి చేస్తున్నారో వ్రాసి పంపితే తెలుసుకోవాలని ఉన్నది.