ఒక నావ – ఇరువురి సమ్మతి

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములవారికి సముద్రము కన్నులకు దూరమైనది. ఇచట నీరనగా పోచారము, నిజాంసాగరము. మంజీరపై 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరమున బెస్తలు పుట్టిలో పోయి వల వేయుట నిత్యము కనబడు దృశ్యమే. కొన్ని పుట్లలో భార్యాభర్త లిరువురే యుందురు. ఒకరు తెడ్డు వేయుదురు, ఒకరు వల లాగుదురు. ఈ ఇరువురి బ్రతుకుతెరువునకును, సముద్రతీరము వెంబడి తెరచాప పడవలో దినముల తరబడి సంచరించు దంపతుల విహారమునకును భేదము మిక్కుటము. కాని రెంటను ఒకే ధర్మసందేహము దాగియున్నది. ఆకాశము మారుచున్నపుడు ఒకరు పోదమనియు, ఒకరు వలదనియు నన్నచో ఎవరి మాట నిలువవలెను?

తీరము వెంబడి పోవుట సులభమని దూరమున నున్నవారు తలతురు. నేల కనబడుచుండగా భయమేమి యని వారి యూహ. నిజమునకు చిన్న నావకు లోతైన నీటికంటె నేలయే ఎక్కువ ముప్పు. గాలి తీరమువైపు తోయునపుడు తెరచాప నావ తప్పించుకొని మరలుటకు చోటు చాలదు. గోదావరి, కృష్ణలు సముద్రమున గలియు చోట్ల ఇసుకమేటలు స్థానము మార్చుచుండును. మన తూర్పు తీరమున రాత్రివేళ నేలనుండి నీటిపైకి వీచిన గాలి, పగటి యెండకు నేల వేడెక్కగానే దిక్కు మార్చి నీటినుండి నేలకు వచ్చును. ఇక ఆశ్వయుజ కార్తికములు తుపానుల కాలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనయు, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపానును ఆ ఋతువునకు చెందినవే. అందుచేత ఎరిగిన నావికులు గాలి హెచ్చిన పిమ్మట గాక, హెచ్చునేమో యను తలంపు పుట్టినపుడే తెరచాపను కుదింతురు. ఆ తలంపు ఇద్దరిలో ఎవరికి పుట్టినను చాలును. పైగా రాత్రులందు ఒకరు నిద్రించుచుండగా ఒకరు చుక్కాని పట్టుదురు. నిద్రించువారి ప్రాణము మేల్కొన్నవారి చేతిలో నుండును.

నావకు నాయకు డొక్కడే యుండవలెనని పెద్దలు చెప్పుదురు. అది కాదనరానిది. 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి, భూమి చుట్టివచ్చి, 2018 మే 21న మరల గోవా చేరిన ‘తారిణి’ నౌకలో నౌకాదళపు మహిళాధికారులు ఆరుగురుండిరి. విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి వారిలోనివారే. నాయకత్వము మాత్రము వర్తికా జోషి యొక్కరిదే. శరణులలో అంబిగర చౌడయ్య నది దాటించుటయే కాయకముగా గలవాడు. దాటువారు ఆయన యాజ్ఞకు లోబడవలసినదే. అయినను ఒక్క విషయము మరువరాదు. దళమున చేరినవారు, రేవున పడవ యెక్కినవారు, ఆ యాజ్ఞను ముందే అంగీకరించి వచ్చినవారు. ఆలుమగల నడుమ అట్టి పదవుల వరుస లేదు.

కావున ఇచట రెండు వేళలను వేరుచేసి చూడవలెను. నడినీట పెనుగాలి విరుచుకుపడినపుడు వాదమునకు తావు లేదు. ఒకరు చెప్పవలెను, ఒకరు చేయవలెను. ఒడ్డున త్రాడు విప్పకముందు మాత్రము అట్లు కాదు. ఆ వేళ ‘వలదు’ అను మాట ఇరువురిలో ఎవరి నోట వచ్చినను అదియే నిలువవలెను. ఏలయన రెండు పొరపాట్లును సమానములు కావు. అకారణముగా ఆగినచో ఒక దినము పోవును. అకారణముగా పోయినచో మరలిరాని దేదియో పోవచ్చును. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాను వరద ముంచెత్తినపుడు, పొంగిన వాగు గట్టున నిలిచిన ఎన్ని కుటుంబములకో ఈ ప్రశ్నయే ఎదురై యుండును. దాటుద మన్నవాని కంఠము సాధారణముగా పెద్దది. పిరికి యందురేమో యని సిగ్గుపడి రెండవవారు మౌనము వహించినచో, ఆ మౌనమును సమ్మతి యనుట న్యాయము కాదు.

ఎరిగినవాని మాటయే చెల్లవలెనని కొందరందురు. కాని ఎరుక యొక్కచోటనే యుండునా? ఇంగ్లండునకు చెందిన మారిస్, మారలిన్ బెయిలీ దంపతుల నావను 1973 మార్చి 4న పసిఫిక్ మహాసముద్రమున తిమింగలము ఢీకొనగా అది మునిగినది. ఇరువురును గాలి నింపిన తెప్పపై 117 దినములు తేలియాడి, వాననీరు, చేపలు, తాబేళ్ల మాంసముతో ప్రాణము నిలుపుకొని, జూన్ 30న కొరియా చేపల ఓడచే రక్షింపబడిరి. దిక్కులు లెక్కించు విద్య భర్తది. మారలిన్‌కు ఈతయే రాదు. అయినను భర్త నిరాశలో కుంగినపుడు ఇరువురిని నిలిపినది ఆమె పట్టుదలయే. మరియొక విశేషము: బయటి లోకపు జోక్యము లేని స్వేచ్ఛను గోరి వారు సందేశము పంపు రేడియో యంత్రమును నావలో నుంచుకొనలేదు. ఆ స్వేచ్ఛకు మూల్యము మిక్కిలి హెచ్చు. దానిని ఇరువురును చెల్లించిరి.

ఇచట నొక గట్టి యాక్షేపణ కలదు. విహారమునకు పోవువారు రేవున నాలుగు దినములు వేచియుందురు. వారి కన్నము కరవు కాదు. నిజాంసాగరమున వల వేయు దంపతులకు ఆగిన దినమున పొయ్యి వెలుగకపోవచ్చును. ‘వలదు’ అను మాట వారికి ఉచితముగా దొరకునది కాదు. ఈ యాక్షేపణకు ఆ ఇంటిలోనే సమాధానము వెదకుట యన్యాయము. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధము కలదు. చేపలు గుడ్లు పెట్టు కాలమది. ఆ దినములకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కుటుంబమునకు 2019లో 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు చొప్పున భృతి ఇచ్చినది. చేప బ్రతుకుటకై ఆగిన దినములకు సమాజము వెల కట్టగలిగినపుడు, మనిషి బ్రతుకుటకై ఆగిన దినములకేల కట్టరాదు? దాసోహమును ఎరిగిన ఇండ్లవారు, మఠములవారు ఈ లెక్కను తమ యూరి చెరువు గట్టునుండి మొదలిడవచ్చును.

కల్యాణమున్న బీదరు సీమ మీదుగనే మంజీర మనవైపునకు వచ్చుచున్నది. ఆ కల్యాణమున ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజ లేరుకొను కాయకమున నుండెను. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ, మిగిలినదానిని తెచ్చినచోటనే వేసి రమ్మనెను. ఆయన పోయి వేసి వచ్చెను. ‘వలదు’ అన్నది ఆమె యగుటచే ఆయన గౌరవము తగ్గినదని శరణులెవరును తలపలేదు.

మరి ప్రతి ఉదయమును ఒకరు ‘వలదు’ అనుచునే యున్నచో? అపుడు నావ ఒడ్డుననే పడియుండును, ఇల్లు కూడ అట్లే. భయమునకు కారణ మేమని అడుగు హక్కు రెండవవారికి కలదు. మబ్బు ఎటనున్నది, గాలి ఎటనున్నది, త్రాడు గట్టిదేనా యని కలసి చూడవచ్చును. కారణము చెప్పలేకపోయినను ఆ యొక్క దినమునకు ఆగవలెను. మరునాడు మరల అడుగవచ్చును.