ఒక్కరోజు బంకు మానేస్తే

పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా మన పిల్లల ఫోన్లలోకి ఒక మెసేజి వస్తుంది. ఫలానా రోజున ఎవరూ బంకుకు వెళ్లొద్దు, దెబ్బకు కంపెనీలు దిగివస్తాయి అని. బందరులో, గుడివాడలో చదువుకునే మా పిల్లలు అది చూపించి "మనమూ చేద్దామా?" అని అడిగారు. వెంటనే కాదనలేకపోయాం. నలుగురూ ఒక మాట మీద నిలబడదామని కుర్రవాళ్లు అడగడం మంచిదే కదా.

కానీ ఆ రోజు మానేది ఏమిటి? బండి ఉన్నవాడు ముందురోజే ట్యాంకు నింపుకుంటాడు, లేకపోతే మర్నాడు. కాలే చమురు అంతే. కొన్న తేదీ మారుతుంది.

ఇంతకంటే పెద్ద పరీక్ష మన తీరాన ఏటా జరుగుతూనే ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో వేట నిషేధం. బందరు పక్కన గిలకలదిండిలోనూ, దివిసీమలో నాగాయలంక వైపూ ఇంజిన్ పడవలు ఒడ్డునే ఉంటాయి. వాటికోసం డీజిలు కొనేవాడుండడు. అందువల్ల ధర తగ్గిందని మేం ఎన్నడూ వినలేదు. 2022లో నిషేధం నడుస్తుండగానే మే నెలలో తగ్గిన మాట నిజం. అది పడవలు ఆగినందుకు కాదు. కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని పెట్రోలు మీద లీటరుకు 8 రూపాయలు, డీజిలు మీద 6 రూపాయలు తగ్గించింది. ముడిచమురులో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి డాలర్లకు వస్తుంది. దానిమీద కేంద్రం సుంకం, ఆపైన రాష్ట్రం వ్యాట్. ధర కదిలేది అక్కడ.

బహిష్కరణ ఎప్పుడూ పనిచేయదని కాదు. 1907లో బిపిన్ చంద్రపాల్ బందరు వచ్చినప్పుడు స్వదేశీ మాట ఊళ్లో నాటుకుంది. 1910లో ఇక్కడే ఆంధ్ర జాతీయ కళాశాల లేచింది. విదేశీ బట్ట వదిలినవాడికి కట్టుకోవడానికి మగ్గం బట్ట ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ల సారా పోరాటం ఒక్కరోజుది కాదు. 1992లో అది జిల్లా అంతా పాకింది, సారా పాటలు సాగనివ్వలేదు. సర్కారు రాబడికి తగిలింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. సారా మానితే ఇల్లు బాగుపడుతుంది. డీజిలు మానితే పడవ కదలదు.

మమ్మల్ని తొలిచే ప్రశ్న ఇంకొకటి. ఆ ఒక్కరోజు ఎవరిది? నెలజీతం ఉన్నవాడు బండి ఇంట్లో పెట్టి నడిస్తే కాళ్లు నొప్పి పుడతాయి, అంతే. కోడూరు దగ్గర మడ అడవిలో పీతలు పట్టే మా యానాది ఆడవాళ్లు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి అవనిగడ్డ పోవాలి. ఆటో రాకపోతే పీతలు చచ్చిపోతాయి. చచ్చిన పీతను ఎవరు కొంటారు? వాళ్లను అడక్కుండా వాళ్ల రోజును పోరాటానికి రాసిచ్చే హక్కు మనకు ఉందా? లేదనే అనుకుంటున్నాం.

అందుకే పిల్లలతో అన్నాం: మీరు మానాలంటే మానండి, ఆటోను మాత్రం ఆపకండి. లీటరు ధరలో పన్ను ఎంతో లెక్కకట్టి బోర్డు మీద రాయమని మీ టీచర్లను అడగండి. ఓట్లకు వచ్చినవాళ్లను ఆ అంకె పట్టుకుని నిలదీయండి.

అప్పుడొక పిల్ల అడిగింది: "ఆ 6 రూపాయలు తగ్గినప్పుడు మన ఆటో చార్జీ ఎందుకు తగ్గలేదు?"

ఆ పిల్లకు ఇంకా జవాబు చెప్పలేదు.