తూము లాగిన మేనల్లుడు

పాకాల దిక్కున ఒక చిన్న చెరువు, దాని కింద కొన్ని మడులు. తూము కాపలా చూసే నీరుగంటి ముసలాయన మోకాళ్ల నొప్పులకు మందు తినాలని కూతురింటికి పోతూ, పని మేనల్లుడికి అప్పజెప్పాడు.

ఒకరోజు కాలువ చివరి మడికి నీళ్లు పొద్దెక్కి చేరాయి. ఆ మడి ఆసామి కట్ట మీదికొచ్చి, “ఏమబ్బోడా, కాలవ కట్టుకున్నట్టుండాదే!” అన్నాడు. కుర్రాడికి రోషం వచ్చింది. తూము కర్రను మొత్తం పైకి లాగాడు. నీళ్లు నురగలు కక్కుతూ దూకాయి. ఆకూ అలమూ, ఎండ్రకాయలూ, ఎవరిదో తెగిన చెప్పూ అన్నీ కొట్టుకుపోయాయి. “నీళ్లొదలడమంటే ఇదిరా!” అన్నారు చూసినవాళ్లు.

మర్నాటికి ధార పలచబడింది. మళ్లీ కట్టుకుందనుకుని నడిమి కన్ను తెరిచాడు. ఆ మర్నాడు అడుగు కన్ను. వారం తిరిగేసరికి కాలువలో చుక్క లేదు. గడ్డపార పట్టుకుని తూమునే పగలగొట్టబోతుండగా మేనమామ బస్సు దిగి వచ్చాడు.

“ఏందిరా అల్లుడా ఆ పని?”

“తూము మూసుకోనుండాది మామా. ఎంత లాగినా రాలేదు.”

“అది సరే. రొంత ఇట్లా తిరిగి చెరువు దిక్కు చూడు.”

చెరువులో ఎనుములు పొర్లే బురద తప్ప ఇంకేమీ లేదు.

“తూముకేం రోగం లేదురా. లోపలుంటే కదా బయటికొచ్చేది!”

ముసలాయన అక్కడితో ఊరుకోలేదు. అల్లుణ్ని వంక దాకా నడిపించాడు. వంక నీళ్లను చెరువులోకి తెచ్చే కాలువ నిండా కంపచెట్లు, మన్ను. గడ్డపారకు పని అక్కడ దొరికింది.

నీతి: రాలేదని లాగేముందు లోపల ఏముందో, లోపలికి ఏం పోతోందో చూసుకోవాలి.

ఇది సేద్యం కథ కాదని ఈపాటికి పట్టేసి ఉంటారు. రాత్రి పడుకోబోతూ సునాముఖి చూర్ణమో భేదిమాత్రో మింగే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వాళ్లంతా ఆ మేనల్లుడికి దగ్గరి చుట్టాలు. సునాముఖి ఆకులోని మందు పెద్దపేగు దాకా పోయి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల మారితేగానీ పని మొదలుపెట్టదు. దానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి లేపేది అందుకే. మోతాదు గట్టిగా పడితే ఆ రోజు పోవలసిందే కాదు, పేగంతా ఊడ్చుకుపోతుంది. మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు కావాలి. ఆ రోజుల్లో విరేచనం కాకపోవడం సహజం. మనవాళ్లు మాత్రం కడుపు కట్టుకుందని ఇంకో మాత్ర వేస్తారు. రోజూ పోకపోతే జబ్బేనన్న భయం ఒకటి. వారానికి మూడుసార్లు, ముక్కకుండా సాఫీగా పోతుంటే వైద్యులు దాన్ని మలబద్ధకం అనరు. భేదిమందు అతిగా వాడితే ఒంట్లో పొటాషియం పడిపోతుంది; నీరసం, గుండె దడ దాని వెంటే వస్తాయి.

“ఆయుర్వేదమే కదా, ఏం కాదులే” అంటారు. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ ఆయుర్వేద కళాశాలలో పిల్లలు చదివే పంచకర్మలో విరేచనం ఉంది, నిజమే. ముందు నెయ్యి తాగించి, చెమట పట్టించి, అప్పుడు మందు ఇస్తారు. అయ్యాక పలచటి గంజితో మొదలుపెట్టి మెల్లగా అన్నానికి తెస్తారు. ఏళ్ల తరబడి రోజూ రాత్రి చెంచాడు వేసుకొమ్మని అందులో లేదు.

ఇక వంక కాలువ సంగతి. చిత్తూరు పల్లెల్లో పాత తరానికి పూటకో రాగిసంగటి ముద్ద, నంజుకు ఊరిబిండి, చలికాలంలో పితికిపప్పు కూర. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం 2 రూపాయలకే ఇవ్వడం మొదలుపెట్టింది. పేదింట్లో అన్నం ఉడికింది, మంచిదే. సంగటి కుండ మాత్రం అటక ఎక్కింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాములైనా లేదు. తెల్లన్నంలో పెరుగు కలుపుకుని, పగలంతా రెండు గ్లాసుల నీళ్లతో సరిపెట్టి, పొద్దున్నే దొడ్డికి పోయి పేగును తిట్టుకుంటే ఏం లాభం?

పీచు చాలకపోతే ఇసబ్‌గోల్ ఉంది. అయితే పొట్టు గ్లాసులో వేసి కలిపి, ఫోన్ మోగిందని లేచిపోయి వచ్చి చూడండి: చెంచా నిలబడేంత జిగురు. అది గొంతులోనో పేగులోనో అలా ఉబ్బితే అడ్డం పడుతుంది. కలిపిన వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. గుణం కనిపించడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మొదటి పూటే ఫలితం రాలేదని మోతాదు పెంచకూడదు.

కొందరికి తప్పు తిండిది కాదు. రక్తహీనతకు వాడే ఐరన్ మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గు మందు, థైరాయిడ్ తగ్గడం, షుగరు, ఇవన్నీ కడుపు కట్టేవే. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఇంట్లో వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుపోవాలి. యాభై దాటాక మలబద్ధకం కొత్తగా మొదలైనా, రక్తం పడినా, ఊరకే తూకం తగ్గినా తిరుపతి రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్‌లోనో చూపించుకోవాలి. పొట్ట ఉబ్బి, నొప్పితో వాంతులవుతుంటే అదే రోజు పోవాలి. భేదిమాత్ర మాత్రం ముట్టుకోవద్దు.