ఎక్కని కొండకు ఇచ్చిన ధనము

ఒకడు మూడు కొండలను ఎక్కెదనని పదిమందికి మాట ఇచ్చి, ఆ మాటమీద రోగుల సేవకై ధనము సేకరించెను. రెండవ కొండ సగము ఎక్కి వెనుదిరిగెను. ఇప్పుడు ఆ ధనమును దాతలకు తిరిగి ఇచ్చివేయవలయునా? ఇది తర్కమునకై కల్పించిన ప్రశ్న కాదు. ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్న మా చెల్లెలి కుమారుడు గత సంవత్సరము జూన్ మాసములో నన్ను అడిగినది. ఆ దినమున నేను సరియైన ఉత్తరము చెప్పలేకపోతిని. చెప్పవలసినది ఇప్పుడు వ్రాయుచున్నాను.

ముందు ఆ దేశపు ఆచారము కొంత తెలియవలయును. బ్రిటన్‌లో ఒక ధర్మకార్యమునకు ధనము కావలసినప్పుడు మిత్రులు కొందరు కూడి ఏదో ఒక కఠినమైన పనిని తలకెత్తుకొందురు. బంధువులు, తోడి ఉద్యోగులు, ఇరుగుపొరుగువారు "నీవు ఆ పని చేయుము, మేము ఇంత ఇచ్చెదము" అని మాట ఇత్తురు. అట్టి పనులలో మిక్కిలి పేరుపొందినది 'త్రీ పీక్స్ చాలెంజ్', అనగా మూడు శిఖరముల సాహసము. స్కాట్లండులో బెన్ నెవిస్ 1345 మీటర్లు, ఇంగ్లండులో స్కాఫెల్ పైక్ 978 మీటర్లు, వేల్సులో స్నోడన్ 1085 మీటర్లు. ఈ మూడును ఆయా దేశములలో అన్నిటికంటె ఎత్తైన కొండలు. వీనిని 24 గంటలలో ఎక్కి దిగవలయును. నడక సుమారు 37 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు మొత్తము 3000 మీటర్లకు పైబడును. ఒక కొండనుండి మరియొక కొండకు పోవుటకు వాహనములో సుమారు 740 కిలోమీటర్ల ప్రయాణము. అనగా పది గంటలు బండిలోనే గడచిపోవును. హిమాలయముల పేరు విన్న మనకు ఈ ఎత్తులు చిన్నవిగా తోచవచ్చును. కాని బెన్ నెవిస్ పాదము దాదాపు సముద్రమట్టముననే ఉన్నది. శిఖరముపై వేసవిలో సైతము పొగమంచు కమ్మి దారి కనబడదు.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్న కూడ కలదు. కొన్ని ఏర్పాట్లలో సేకరించిన ధనములో కొంత ప్రయాణపు ఖర్చుకే పోవును. దాత రోగికి ఇచ్చితిననుకొనును; అందులో కొంత నడచువాని బండికి, బసకు వ్యయమగును. మావాడును, అతని మిత్రులు నలుగురును ఆ ఖర్చంతయు తామే భరించిరి. ఈ ఒక్క సంగతి తెలిసిన పిదపనే నేను నా వంతు పంపితిని.

పంపితిని గాని, మనస్సులో ఒక సందేహము మిగిలిపోయెను. మరణమునకు చేరువైన క్యాన్సరు రోగులను కనిపెట్టి చూచుకొను సేవాగృహమునకు ఆ ధనము ఉద్దేశింపబడినది. ఆ రోగులకు సహాయము కావలసియున్నచో, మా మేనల్లుడు కొండ ఎక్కినను ఎక్కకున్నను కావలసియే ఉన్నది. అతని కాళ్ళు నొచ్చినంతమాత్రమున వారి అవసరము పెరుగునా? మరి అతడు కష్టపడినగాని నా చేయి సంచిలోనికి పోకపోవుటకు కారణమేమి? 2013లో క్రిస్టఫర్ ఒలివోలా, ఎల్దార్ షఫీర్ అను ఇద్దరు పరిశోధకులు ఈ విషయమునే ప్రయోగములతో పరీక్షించిరి. సులభముగను ఉల్లాసముగను జరుగు కార్యక్రమముకంటె, నొప్పియు శ్రమయు ఉండునని తెలిసిన కార్యక్రమమునకే జనులు ఎక్కువ ఇచ్చుటకు సిద్ధపడుదురని వారు తేల్చిరి. ఇది మనకు గౌరవము కలిగించు విషయమని నేను అనుకొనను. ఎదుటివాని నొప్పిని తూచి వెల కట్టు బుద్ధి ఇందులో కొంత కలదు.

అయినను అంతయు ఆ బుద్ధియే కాదు. 2020 ఏప్రిల్‌లో టామ్ మూర్ అను వృద్ధుడు, రెండవ ప్రపంచయుద్ధములో భారతదేశమునందును బర్మాయందును పనిచేసిన సైనికోద్యోగి, నూరేండ్లు నిండుటకు ముందు తన తోటలో నూరు చుట్లు నడచెదనని పలికెను. చేతి ఆధారపు చట్రమును పట్టుకొని నడచెను. వెయ్యి పౌండ్లు వచ్చిన చాలుననుకొన్న కార్యమునకు మూడు కోట్ల ఇరువది లక్షల పౌండ్లకు పైగా వచ్చెను. అక్కడ కొండ లేదు, ఎత్తు లేదు. జనులు కొన్నది ఎత్తును కాదని దీనివలన తెలియుచున్నది. ఒక మనుష్యుడు తన మాటకు తన శరీరమును పూచీగా నిలుపుటను వారు చూచిరి. పరులకొరకు చేయి చాచువాడు ఏదో ఒక విధముగ "ఇది నాకు కాదు" అని చూపవలసియున్నది. కొండ ఎక్కుట అట్టి ఒక విధము. మా మేనల్లుడు ఫోనులో, "మామయ్యా, కొండ ఎక్కడంకంటే నలుగురిని అడగడమే కష్టమైంది" అనెను. ఆ మాట నాకు నచ్చెను.

ఇక ఆ రాత్రి సంగతి. సాయంకాలము అయిదు గంటలకు బెన్ నెవిస్ ఎక్కుట మొదలిడిరి. శిఖరముపై 1883 నుండి 1904 వరకు నడచిన వాతావరణ పరిశీలనాలయము కొరకు గుఱ్ఱములు పోవుటకు వేసిన బాటయే నేటికిని యాత్రికుల దారి. ఆ పాత గోడలు ఇంకను నిలిచియున్నవి. (ఆ శిఖరముపై రాళ్ళ గుట్టక్రింద 2006లో ఒక పియానో బయటపడెను. ధర్మనిధికై ఎవరో దానిని ఇరువది ఏండ్లకు పూర్వము మోసికొనిపోయి అక్కడనే విడిచిరని నమ్ముచున్నారు. ధర్మము పేర పైకి మోసినదానిని క్రిందికి దింపు పని ఇతరులపై పడెను!) చీకటిపడువేళకు దిగి, రాత్రియంతయు ప్రయాణము చేసి, తెల్లవారుజామున వాస్‌డేల్ హెడ్ అను కుగ్రామము చేరిరి. స్కాఫెల్ పైక్‌కు దారి అక్కడనుండియే.

ఆ గ్రామమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. కొలది ఇండ్లు, ఒక చిన్న దేవాలయము, గొఱ్ఱెల పాకలు. వేసవిలో నిద్రవేళ అక్కడికి బండ్లు వచ్చుచుండును, తలుపులు దబదబ మోగును, చెత్త మిగులును. ఆ ఇండ్లవారు ఏ ధర్మకార్యమునకును సమ్మతి తెలుపలేదు. వారి నిద్ర మాత్రము చందాగా పోవుచున్నది. ఆపదలో పడినవారిని దింపుకొనివచ్చు వాస్‌డేల్ పర్వతరక్షక దళమువారును జీతము లేని స్వచ్ఛంద సేవకులే. పరోపకారమునకై బయలుదేరినవాడు అజాగ్రత్తవలన పరుల ఉపకారమునకే భారమగుట తగునా?

వాన పడుచుండెను. సగము దారిలో, హాలో స్టోన్స్ అను బండల చోటు దాటిన కొంతసేపటికి, ఒకని మోకాలు మడవ శక్యము కాకపోయెను. "నేనిక్కడ కూర్చుంటాను, మీరు వెళ్ళండి" అని అతడనెను. గడియారము ఇంకను అనుకూలముగనే ఉండెను. కాని పొగమంచులో పటమును, దిక్సూచిని చూచి దారి తెలిసికొనగలవారు అయిదుగురిలో ఒక్కడే, మావాడు. అతడు పైకిపోయినచో క్రింద ఉన్నవారికి దారి లేదు. క్రింద ఉండినచో పైకిపోవువారికి దారి లేదు. అందరము దిగుదమని అతడు చెప్పెను.

వారిలో ఒకనికి కోపము వచ్చెను. అతని తల్లి ఆ సేవాగృహముననే కన్నుమూసెను. సగమునకుపైగా ధనము అతని మూలముననే వచ్చినది. "నేను మా అమ్మకోసం వచ్చాను. ఒక మోకాలికోసం తిరిగిపోవాలా?" అని అరచెనట. లోయ చేరువరకు ఎవరును ఎవరితోను మాటలాడలేదు. ఈ యువకుని కఠినహృదయునిగా నేను తలపను. మృతులకొరకు చేసిన సంకల్పము జీవించియున్నవారికొరకు చేసినదానికంటె పట్టువిడుపులు లేనిదై ఉండును. మాట మార్చుకొనుటకు అనుమతి ఇచ్చువారు లేరు గదా. అయినను అతని తల్లిని కడపటి దినములలో చూచుకొన్నవారు చేసిన పని ఏమి? నడువలేనివాని ప్రక్కన కూర్చుండుట. ఆ వానలో మిగిలిన నలుగురు చేసినదియు అదియే. అతనితో ఎవరైన ఈ మాట చెప్పిరో లేదో తెలియదు.

వారు చేరలేకపోయిన ఆ శిఖరము సైతము ఒక దానమే. మొదటి ప్రపంచయుద్ధములో మరణించిన ఆ ప్రాంతపువారి స్మృత్యర్థము 1919లో లెకన్‌ఫీల్డ్ ప్రభువు దానిని ప్రజల కొరకు నేషనల్ ట్రస్టునకు ఇచ్చివేసెను.

ఇప్పుడు ధనము మాట. మా మేనల్లుడు దాతలందరికి, తాము ఎక్కినదెంత, ఎక్కనిదెంత అని దాచక వ్రాసెను. అందరును ఉండనిమ్మనిరి, ఒక తోడి ఉద్యోగి మాత్రము తన ఇరువది పౌండ్లు తిరిగి అడిగెను. ధనము అప్పటికే సేవాగృహమునకు చేరియుండుటచే మావాడు తన జేబునుండి ఇచ్చెను. మిత్రులు ఆ ఉద్యోగిని చూచి నవ్విరట. నేను నవ్వజాలను. అతడు ఒక మాటను నమ్మి ఇచ్చెను, మాట నెరవేరలేదు. అడుగుట ఉదారము కాకపోవచ్చును గాని అన్యాయము కాదు.

మనకందరకు తెలిసిన ఆయ్దక్కి మారయ్య కథ ఇక్కడ జ్ఞప్తికి వచ్చును. నేలరాలిన బియ్యపుగింజలను ఏరి దాసోహము నడపు ఆ శరణుడు ఒకనాడు ఎప్పటికంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ ఎక్కువను తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. జంగములకే గదా వడ్డించుట, ఎక్కువైన తప్పేమి అని ఆమె అనుకొనలేదు. ఈ కథను పట్టి ధనమంతయు తిరిగి ఇమ్మని చెప్పుదమని మొదట నాకు తోచెను. ఆలోచింపగా అది సరికాదనిపించెను. లక్కమ్మ చూచినది మూటను కాదు, ఏరువాని మనస్సులోనికి వచ్చిన ఆశను. కొండ ఎక్కితిమని దాతలను నమ్మనిచ్చి ఊరకుండినచో ఒక్క పౌండయినను ఎక్కువ బియ్యమే అయియుండెడిది. ఉన్నది ఉన్నట్లు చెప్పి, అడిగినవానికి తిరిగి ఇచ్చిన పిదప మిగిలినది రోగుల సొత్తు. దానిని వెనుకకు తీసికొను అధికారము మావానికి లేదు.

మా ఊరు ఆత్మకూరు. ఉగాదికి ముందు కన్నడదేశమునుండి శ్రీశైలమునకు కాలినడకన పోవు భక్తులు నల్లమల అడవిలో ప్రవేశించుటకు మా ఊరిమీదుగా వత్తురు. మా చెల్లెలు బొబ్బలెక్కిన ఆ కాళ్ళపై నీళ్ళు పోసి, అన్నము వడ్డించుట ఈ కుఱ్ఱవాడు చిన్ననాటినుండి చూచినవాడే. తాను అన్నము పెట్టినవారిలో ఎందరు మల్లన్న సన్నిధి చేరిరో, ఎందరు అడవిలోనుండి మరలిరో మా చెల్లెలు ఎన్నడును విచారింపలేదు. ఆ యాత్రికులు ఆమెకు ఏ మాటయు ఇచ్చినవారు కారు, నిజమే. ఆ భేదమును మరువరాదు. అయినను ఈ సంగతిని ముందే అతనికి గుర్తుచేయవలసినది.

మొన్న మరల ఫోను వచ్చినది. ఈ జూన్‌లో అయిదుగురును మిగిలిన రెండు కొండలను ఎక్కుటకు పోవుచున్నారట. ఇరువదినాలుగు గంటల నియమము పెట్టుకొనలేదు. వాస్‌డేల్ హెడ్‌లో రాత్రి బస చేసి పగలు ఎక్కుదురట. ఎవరినీ ధనము అడుగలేదు. తల్లిని పోగొట్టుకొన్న యువకుడే తేదీ నిర్ణయించెను. మోకాలు నొచ్చినవాడు బండి నడుపునట.