డబ్బా మోసినవాని వీపు

భద్రాచలము ప్రాంతమున గోదావరి ఒడ్డు మిరపచేలను చలికాలపు ఉదయమున చూచితిరా? మంచు ఆరకమునుపే కూలివాడు వీపున మందు డబ్బా తగిలించుకొని సాళ్ల నడుమ నడుచుచుండును. కాళ్లకు చెప్పులుండవు. మూతికి ఒక తువాలు, అంతే. చేను అతనిది కాదు. మందు అతడు కొన్నది కాదు. మిరపకాయల సొమ్ములో అతనికి పాలు లేదు. అతనికి దక్కునది ఆ దినపు కూలి. అయితే ఆ విషములో అతని వంతు ఎంత? చేను గల మనలో ప్రతివాడును తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న యిది.

మందులన్నిటిని తిట్టుట సులభము, గాని న్యాయము కాదు. అడవిపల్లెల చలిజ్వరమును తగ్గించినవానిలో గోడలపై చల్లిన డి.డి.టి. ముఖ్యమైనది. 1947లో దేశమున ఏటికి 7.5 కోట్లమందికి మలేరియా వచ్చుచుండగా, 1965 నాటికి ఆ లెక్క లక్షకు దిగెను. (తరువాత దోమలు ఆ మందుకు లొంగుట మానెను, 1976లో జ్వరము మరల 64 లక్షలమందిని పట్టెను.) అప్పు తెచ్చి వేసిన పైరుకు పురుగు పట్టినపుడు రైతు పడు వేదన ఎరుగనివారు అతనికి బుద్ధులు చెప్పరాదు.

అయినను ఆ మందు పని తీరు వినుడి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ మొదలైనవి భాస్వరము చేరిన మందులు. నరము కండకు కబురు పంపునపుడు ఒక ద్రవము పుట్టును. కబురు అందగానే దానిని తుడిచివేయుటకు దేహములో ఒక ఎంజైము కలదు. ఈ మందు ఆ ఎంజైమును కట్టివేయును. ఇక కబురు ఆగదు. కండలు వణకును, చొంగ కారును, కంటిపాప సూదిమొనంత యగును, కడకు ఊపిరి నిలిచిపోవును. పురుగు చచ్చునది ఇట్లే, మనిషి చచ్చునదియు ఇట్లే. మింగనక్కరలేదు, చర్మము గుండ కూడ లోనికి పోవును. కారు డబ్బా క్రింద తడిసిన వీపు చాలును. 2013లో బీహారులోని సారణ్ జిల్లాలో ఈ మోనోక్రోటోఫాస్ బడి భోజనములో కలిసి 23 మంది పిల్లలు చనిపోయిరి.

గడ్డిమందుల సంగతియు ఒక మాట. పారాక్వాట్ మింగినవానికి విరుగుడు లేదు. గడ్డిమందు కొట్టిన చేనిలో కలుపుతీయు స్త్రీలకు కూలియు లేదు.

మందు కొట్టువానికి రక్షణ దుస్తులు ఉండవలెనని 1971 నాటి నిబంధనలే చెప్పుచున్నవి. మీరు ఇచ్చితిరా? “ఈ ఎండలో అవి ఎవడు తొడుగుకొనునండీ” అందురు. నిజమే, తొడుగుకొనడు. అట్లయిన తొడుగు లేక కొట్టరాని మందును ఏల తెచ్చితిరి? “అతడు ఒప్పుకొనియే వచ్చెను గదా” అందురు. ఇంట గింజలు లేనివాడు దేనికి ఒప్పుకొనడు? పొరుగువాడెవడని ప్రభువును అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడును లెక్క చూచుకొనుటకే అడిగెనని నాకు తోచును.

వేరు దారి లేదందురా? పాల్వంచ దగ్గర పునుకుల అను పల్లె కలదు. అక్కడ పత్తికి, మిరపకు మందులు కొని జనులు అప్పులలో మునిగిరి, మందు సోకి మంచము పట్టిరి. 1999 ప్రాంతమున సెక్యూర్ అను స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో కొద్దిమంది రైతులు మందు మాని చూచిరి. వేపగింజల కషాయము కొట్టిరి. పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి కలిపిరి. రెక్కల పురుగులను పట్టుటకు ఎర బుట్టలు కట్టిరి. వేపలోని అజాడిరక్టిన్ పురుగును వెంటనే చంపదు. ఆకు రుచింపనీయదు, కుబుసము విడువనీయదు. గనుక ఓపిక కావలెను, రోజును చేను తిరిగి చూడవలెను. మొదట ఇరుగుపొరుగువారు నమ్మలేదు. స్త్రీల పొదుపు సంఘములు పట్టుపట్టి తమ మగవారిని ఒప్పించెను. 2004 నాటికి ఊరంతయు పురుగుమందులు విడిచెను. వేపగింజలు ఏరి దంచుట అక్కడి స్త్రీలకు కూలిపని ఆయెను.

ఆ కషాయమును కూడ డబ్బాలో పోసి వీపున మోయవలసినదే. కారినయెడల వీపు చేదు వాసన కొట్టును. మిర్చి కషాయమైన మంటయు పుట్టును. సాయంకాలము ఆ మనిషి బావి యొద్ద స్నానము చేసి, ఇంటికి పోయి, పిల్లలతో కూర్చుండి అన్నము తినును.